కాతేరు నల్లరాయి ఎక్కడిది?

మొన్నొక పెళ్లి భోజనాల్లో, జాగ్రఫీలో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి లావా నేలల మీద, ఆ నేలల్లో పారే నదుల మీద పరిశోధన చేస్తానంది. పక్కన పప్పులో నెయ్యి కలుపుకుంటున్న పెద్దమనిషి "అది గ్రూప్స్‌కి పనికొస్తుందామ్మా?" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత గోల తెలిసిందే. భూగోళం కాళ్లతో చదవాలి, తెర మీద కాదు. ఆ అమ్మాయికీ అదే చెప్పి, కొవ్వూరు అవతల పంగిడి క్వారీలకు వెళ్లమన్నాను.

అక్కడ క్రషర్ల దుమ్ము సద్దుమణిగాక చూడాలి. కొత్తగా పగిలిన రాయి నల్లగా నిగనిగలాడుతుంది. ఎండకు ఎండి వానకు నానిన రాయి తుప్పురంగు తిరిగి ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది. ఒక లావా పొరకూ దానిపై పొరకూ నడుమ పాలిపోయిన సున్నపురాయి, అందులో నత్తగుల్లలు, ఆల్చిప్పలు! మొదటి లావా చల్లారి, నీళ్లు నిలిచి, జీవాలు పుట్టి పెరిగేంత కాలం గడిచాకే రెండోది వచ్చిందన్నమాట. గోదావరికి ఇవతల రాజమండ్రి పక్క కాతేరులోనూ ఇదే వరస.

సరే, చుట్టుపక్కల ఒక్క అగ్నిపర్వతమూ లేదే! పాపికొండలా? అవి తూర్పు కనుమలు, లావాతో సంబంధం లేనివి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నుంచి పాత నదీ లోయల వెంట 1,000 కిలోమీటర్లకు పైగా పారి వచ్చిన దక్కను లావాయే ఇదని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తల మాట. అంటే తూర్పు వాలు అప్పటికే ఉంది, నది తీసిన బాటనే లావా పట్టింది.

ఈ సంగతి నడిచి తేల్చగలిగేది కాదు. కాతేరు రాయీ పడమటి కనుమల్లోని మహాబలేశ్వరం రాయీ కంటికి రెండూ నలుపే. రాళ్లలోని మూలకాల పాళ్లు లెక్కగట్టి, అవి గట్టిపడినప్పుడు వాటిలో నిలిచిపోయిన అయస్కాంత దిశ కొలిచి, రెంటికీ చుట్టరికం కలిపింది ప్రయోగశాలలు. వాలు సంగతి, లోయల సంగతి ఆ తర్వాతే జాగ్రఫీవాళ్ల చేతికొచ్చాయి.

అందుకే అమ్మాయీ, ముందు కెమిస్ట్రీ పట్టు. ఆ లెక్కలు చదవడం వచ్చాకే పంగిడి వెళ్లు. మే నెలలో మాత్రం వద్దు, ఆ ఎండకు నల్లరాయి పెనంలా కాలుతుంది. క్వారీవాళ్లను అడగకుండా లోపలికి దిగకు.