పాట ఎవరిది? దరువు ఎవరిది?

పెళ్ళి బరాతుల్లో, ఊరి జాతరల్లో, ఇంటి వేడుకల్లో ఇవాళ మోగుతున్న డీజే మిక్సు గురించి మన విమర్శ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడిన కొద్దిసార్లూ రెండు తీర్పులే వినిపించాయి. ఇది సంగీతం కాదు, చెవులు చిల్లులు పడే గోల అన్నది ఒక తీర్పు. ఇది జనం చేతికి చిక్కిన సంగీతం గనుక దీన్ని ప్రశ్నించడమే ప్రజావ్యతిరేకం అన్నది రెండో తీర్పు. మొదటిది కచేరీ హాలులో ముందు వరస కుర్చీలోంచి వచ్చే మాట. రెండోది జనం పేరు చెప్పి ఆలోచనను వాయిదా వేసే మాట. ఆ మిక్సు ఎలా తయారవుతుందో ఈ రెండూ చూడవు. ఒక కళారూపాన్ని అంచనా కట్టాలంటే ముందు దాని ఉత్పత్తి క్రమాన్ని పరిశీలించాలి. అందులో ఏ పనిముట్టు ఉంది, ఎవరి శ్రమ ఉంది, ఆ శ్రమ ఫలితం ఎవరికి చేరుతోంది అన్న ప్రశ్నలు వేసుకోవాలి. ఈ వ్యాసంలో చేస్తున్న ప్రయత్నం అదే.

1

ఈ కళ సంపన్నుల స్టూడియోలలో పుట్టలేదు. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలోని ఉమ్మడి గదిలో, సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి బడికి వేసుకెళ్ళే కొత్త బట్టల కోసం నాలుగు డబ్బులు పోగుచేసుకోవడానికి ఒక పార్టీ పెట్టింది. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. జమైకాలోని కింగ్‌స్టన్ నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్ళది. తర్వాత కూల్ హెర్క్ పేరుతో ప్రసిద్ధుడైన ఆ కుర్రవాడు జనాన్ని గమనించాడు. పాటలో గొంతులు ఆగి డ్రమ్ము ఒక్కటే మోగే కొద్ది క్షణాల కోసం నృత్యం చేసేవాళ్ళు కాచుకుని ఉంటున్నారు. ఆ క్షణాలను సాగదీయడానికి అతను ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకదాని మీద ఆ భాగం ముగిసేలోగా రెండోదాని మీద అదే భాగాన్ని అందుకునే పద్ధతి కనిపెట్టాడు. అదే ప్రాంతానికి చెందిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. రికార్డు మీద మైనపు పెన్సిలుతో గుర్తు గీసి ఆ చోటు ఎక్కడుందో కంటితో పట్టుకున్నాడు. రెండో రికార్డును జనానికి వినపడకుండా తను ముందుగా వినడానికి కావలసిన ఏర్పాటు కూడా తానే తయారు చేసుకున్నాడు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. గ్రామఫోను రికార్డును కంపెనీ అమ్మింది వినడానికి. కొనేవాడి పని చెవి ఒగ్గి కూర్చోవడం వరకే అని దాని తయారీలోనే ఉంది. బ్రాంక్స్ పిల్లలు ఆ విభజనను ఒప్పుకోలేదు. వాద్యాలు కొనే స్తోమతు లేని చోట వినే వస్తువునే వాద్యంగా మార్చారు. కాబట్టి ‘మిక్సు చేసేవాడు సొంతంగా ఏమీ సృష్టించడు’ అన్న ఆక్షేపణకు చరిత్రలో ఆధారం లేదు. ఎంపిక, కూర్పు, జనం నాడి తెలిసిన సమయజ్ఞానం – ఇవి సృజన కావంటే మన హరికథకుల కూర్పునూ, బుర్రకథ దళాల కూర్పునూ కూడా సృజన కాదనవలసి వస్తుంది.

2

ఆ రెండు పళ్ళేలు ఇవాళ కంప్యూటరు తెర మీద బొమ్మలుగా ఉన్నాయి. రికార్డుల స్థానంలో ఫైళ్ళు వచ్చాయి. సీడీలో ఒక్కో సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి అంకెలుగా రాస్తారు. ఎంపీత్రీ పద్ధతి ఆ అంకెల్లోంచి మనిషి చెవి ఎలాగూ పట్టుకోదని లెక్కగట్టిన భాగాన్ని తీసేసి, మామూలుగా వాడే 128 కిలోబిట్ల స్థాయిలో పదకొండో వంతుకు కుదిస్తుంది. రెండు గదుల ఇంట్లో, పాత లాప్‌టాపు మీద వేల పాటలు పెట్టుకుని ఒక కుర్రవాడు మిక్సు చేయగలుగుతున్నాడంటే ఈ కుదింపే కారణం. సాఫ్ట్‌వేరుకు డబ్బు కట్టనక్కరలేని దారి కూడా ఉంది. 2001లో మొదలైన ‘మిక్స్’ (మూడు ఎక్స్‌లతో రాస్తారు) ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, దాని మూలరాతను చదివి మార్చుకోనూ వచ్చు.

సాంకేతికంగా వచ్చిన అసలు మార్పు ఇంకొకటి. రికార్డు వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది. దాదాపు 6 శాతం వేగం పెంచితే పాట ఒక స్వరస్థానం పైకి పోతుంది. అందుకే పాతకాలపు డీజే రెండు పాటలను కలపడానికి ముందు వాటి వేగాలు దగ్గరగా ఉన్నాయో లేదో చెవితో తేల్చుకోవాలి. చేత్తో పళ్ళేన్ని ఇంత నెట్టి, ఇంత ఆపి కలపాలి. ఇది నేర్చుకోవడానికి నెలలు, ఏళ్ళు పట్టేది. సాఫ్ట్‌వేరు వేగాన్నీ శ్రుతినీ విడదీసింది. ‘సింక్’ మీట నొక్కితే రెండు పాటల దరువులూ క్షణంలో కలిసిపోతాయి. చెవి చేసిన పనిని యంత్రం చేస్తోంది.

దీన్ని చూసి కళ చచ్చిపోయిందని ఏడ్చేవారున్నారు. యంత్రం శ్రమను తగ్గించినంత మాత్రాన కళ తగ్గదు. దరువు కలిపే బాధ్యత తీరిన చెవికి ఇప్పుడు తీరిక దొరికింది. ఆ తీరికతో అది ఏం చేస్తోంది అన్నదే ప్రశ్న. ఏ పాట పక్కన ఏ పాట నిలబెట్టాలి, ఒక పల్లవి ముగిసి ఇంకో చరణం అందుకునే చోట అర్థం ఎలా మారుతుంది అని ఆలోచిస్తే యంత్రం మేలు చేసినట్టే. ఆలోచించకపోతే ఆ తీరికను సాఫ్ట్‌వేరు తన ఇష్టంతో నింపుతుంది. ఆ ఇష్టం ఏమిటో కూడా చూడాలి.

3

దరువులు కలపడానికి ముందు సాఫ్ట్‌వేరు ప్రతి పాట మీదా సమాన దూరాల్లో గళ్ళు గీస్తుంది. పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో నడుస్తుందనీ, నాలుగు దెబ్బలకు ఒక ఆవర్తమనీ అది ముందుగానే అనుకుంటుంది. యంత్రపు డ్రమ్ముతో తయారైన పాశ్చాత్య నృత్యసంగీతానికి ఈ ఊహ సరిపోతుంది. మనుషులు కూడి వాయించిన దానికి సరిపోదు. ఊపు వచ్చినకొద్దీ డప్పు వేగం పెంచుతుంది. పాడే మనిషి ఊపిరి తీసుకునేచోట ఆగుతుంది. మన జానపద పాటల్లో చాలావాటిది తిస్రగతి, మూడేసి దెబ్బల నడక. అలాంటి పాటను వేస్తే సాఫ్ట్‌వేరు ఒక్కోసారి వేగాన్ని సగానికి లెక్కిస్తుంది, ఒక్కోసారి రెట్టింపు చేస్తుంది, ఒక్కోసారి మూడింటి నడకను నాలుగింటి గడిలోకి కుక్కుతుంది.

అప్పుడు ఇంట్లో కూర్చున్న కుర్రవాడి ముందు రెండు దారులుంటాయి. గళ్ళను చేత్తో జరుపుకుంటూ పాట నడకకు సాఫ్ట్‌వేరును లొంగదీయడం ఒకటి. ఇది కొన్ని గంటల పని. పాట కింద ఒక మూస బీటు వేసి, గొంతును కత్తిరించి దాని మీద అతికించడం రెండోది. ఇది కొన్ని నిమిషాల పని. పెళ్ళిళ్ళ కాలంలో వారానికి పది మిక్సులు అడిగితే అతను ఏ దారి పడతాడో వేరే చెప్పక్కర్లేదు. పది పాటలు పది ఊళ్ళవైనా నడక ఒకటే అయిపోవడానికి ఆ కుర్రవాడి అభిరుచిలోని లోపం కారణమని తేల్చేయడం తొందరపాటు. అతనికి దొరికిన సమయం, ఆ పనిముట్టులోని ముందస్తు ఊహ, ఇవి రెండూ కలిసి ఆ ఫలితాన్ని నిర్ణయిస్తున్నాయి. అయినా మొదటి దారి పట్టేవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదు వీధుల తీన్‌మార్ దరువునూ, యెమెన్ అరబ్బుల నుంచీ ఆఫ్రికా సిద్దీల నుంచీ మనకు అందిన మర్ఫా దరువునూ వాటి నడక చెడకుండా మిక్సులోకి తేవాలంటే ఆ ఓపిక కావాలి. అటువంటి మిక్సు విన్నప్పుడు తేడా నర్తకుల కాళ్ళకే తెలిసిపోతుంది. మన విమర్శకు కూడా తెలియాలి.

4

ఇక శ్రమ సంగతి. అమెరికాలో 1969లో ది విన్‌స్టన్స్ అనే బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్యగీతం రికార్డు చేసింది. అందులో డ్రమ్మరు గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించిన నాలుగు ఆవర్తాలున్నాయి. ఏడు సెకన్లయినా ఉండని ఆ ముక్క తర్వాతి దశాబ్దాల్లో వేల రికార్డులకు పునాది అయింది. దాని మీద కొత్త సంగీత శాఖలే లేచాయి. కోల్‌మన్ 2006లో కటిక పేదరికంలో చనిపోయాడు. ఆ వాడకానికి అతనికి ఏమీ ముట్టలేదు. 2015లో అభిమానులు చందాలు వేసుకుని బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 20 వేల పౌండ్లకు పైగా అందజేశారు. అది హక్కుగా వచ్చిన సొమ్ము కాదు, దయగా వచ్చినది.

ఈ కథకు మన దగ్గర ఇంకా కఠినమైన రూపం ఉంది. సిర్రతో, సిటికెన పుల్లతో, నెగడు దగ్గర కాచి బిగించిన తోలు మీద పుట్టే దరువు మాదిగ వాడలది. చావుకూ పెళ్ళికీ జాతరకూ ఆ దరువు కావాలి. దాన్ని మోగించే మనిషి మాత్రం గుమ్మం ఇవతలే నిలబడాలి. శతాబ్దాల కట్టుబాటు ఇది. ఇప్పుడు ఆ దరువు ఫైలయింది. పాటలోంచి గొంతును, దరువును విడివిడిగా ఊడదీసే సాధనాలు కూడా వచ్చాయి. 2019లో డీజర్ కంపెనీ ‘స్ప్లీటర్’ పేరుతో అలాంటిదాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. దరువును దాని పాట నుంచి, వాయించిన చేతి నుంచి, చేతి వెనక ఉన్న వాడ నుంచి విడదీయడం ఇవాళ ఒక మీట నొక్కినంత పని.

1936లో వాల్టర్ బెన్యమిన్ యాంత్రిక పునరుత్పత్తి కళను దాని ఏకైక స్థలకాలాల నుంచి విడిపిస్తుందనీ, అందులో విముక్తి అవకాశం ఉందనీ వాదించాడు. 1938లో అడోర్నో సంగీతం సరుకైనకొద్దీ మనిషి వినికిడి కూడా వెనక్కి పోతుందని హెచ్చరించాడు. డప్పు విషయంలో ఇద్దరి మాటా సగం సగం నిజమయింది. ఆ దరువు ఇవాళ ఏ కులం వారి ఫంక్షను హాలులోనైనా మోగుతోంది, దానికి అందరూ ఆడుతున్నారు. ఇది చిన్న విషయం కాదు. ఒకప్పుడు అంటరానిదని పేరు పడ్డ చప్పుడు పండుగ చప్పుడయింది. కానీ డప్పు హాలులోకి వచ్చిందే తప్ప డప్పు కొట్టే చెయ్యి రాలేదు. బరాతుకు పదిమంది డప్పు బృందాన్ని పిలవవలసిన చోట ఒక బండీ, రెండు పెట్టెలూ సరిపోతున్నాయి. వెట్టిగా వాయించవలసిన అవమానం తప్పితే సంతోషించాలి. దానితోపాటు కూలీ కూడా పోయి, పేరు కూడా పోతే దాన్ని విముక్తి అనలేం. చాలాచోట్ల ఆ మిక్సు చేస్తున్న కుర్రవాడు కూడా ఆ వాడ నుంచే వచ్చినవాడు కావడం ఇందులోని వైరుధ్యాన్ని ఇంకా పదును చేస్తోంది.

5

చట్టం ఏమంటోంది? 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను మతపరమైన వేడుకల్లో పాట వినిపించడాన్ని ఉల్లంఘన కాదంటుంది. పెళ్ళి ఊరేగింపును కూడా అందులో చేర్చింది. 1994 సవరణ వాద్యకారులకూ గాయకులకూ ప్రదర్శకుల హక్కులిచ్చింది. 2012 సవరణ రచయితల, స్వరకర్తల రాయల్టీని కాపాడింది. జానపద పాట దగ్గరికి వచ్చేసరికి ఈ రక్షణలు జారిపోతాయి. కర్త తెలియని పాట ఎవరిదీ కాదన్నట్టు ఉంటుంది. దాని రికార్డింగు మాత్రం రికార్డు చేయించినవారి ఆస్తి అవుతుంది. వాడలో అవ్వ పాడిన పాట మీద అవ్వకు హక్కు లేదు, మైకు పెట్టినవారికి ఉంది.

పేరు చెరిగిపోవడం సాంకేతిక వ్యవస్థలోనే మొదలయింది. పాటల ఫైళ్ళలో వివరాలు రాసుకోవడానికి 1996లో వచ్చిన పద్ధతిలో గాయకుడి పేరుకు 30 అక్షరాల చోటు ఇచ్చారు. వాద్యకారులకు విడిగా చోటు లేదు. సంగీతరీతిని ఎంచుకోవడానికి ఇచ్చిన మొదటి 80 పేర్ల జాబితాలో పోల్కా ఉంది, జానపదం లేదు. దాన్ని తర్వాత చేర్చారు. ఇప్పుడు చోటుకు కొరత లేదు. అయినా మన జానపద ఫైళ్ళు ఎన్నో ‘తెలియని కళాకారుడు’ అన్న ముద్రతో, పక్కన మిక్సు చేసినవాడి పేరూ ఫోను నంబరూ పెద్దక్షరాలతో తిరుగుతున్నాయి.

ఫైలు సొంతంగా ఉండడం కూడా చిన్న సంగతి కాదు. 2020లో స్పాటిఫై సంస్థ డీజే సాఫ్ట్‌వేర్లకు తన పాటలు అందకుండా ఆపేసింది. 2025లో కొన్నింటికి మళ్ళీ తెరిచింది. తలుపు తాళం ఎవరి దగ్గరుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంట్లో ఫైళ్ళు దాచుకున్న కుర్రవాడు కనీసం ఆ మేరకు స్వతంత్రుడు.

చప్పుడు గురించి కూడా దాపరికం లేకుండా చెప్పాలి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటిపూట పరిమితి 55 డెసిబెళ్ళు, రాత్రి 45. రోగుల, పసిపిల్లల నిద్ర కూడా ప్రజల హక్కే. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. అయితే పెట్టెల చప్పుడు మీది కోపాన్ని మిక్సు అనే కళ మీదికి మళ్ళించడం పొరపాటు. మంచి మిక్సు చిన్న స్పీకరులో కూడా మంచి మిక్సే.

6

మిక్సును అంచనా కట్టడానికి మనకు కొలమానాలు కావాలి. పాటల ఎంపికలో ఆలోచన ఉందా? ఒక పాట పక్కన ఇంకో పాట నిలిచినప్పుడు రెండింటికీ కొత్త అర్థం వచ్చిందా, ఒకటి ఇంకోదాన్ని మింగేసిందా? దరువు సొంత నడక నిలిచిందా, మూసలో నలిగిందా? ఆడదాని మీద, కులం మీద వెకిలి మాటలున్న చరణాన్ని హుషారు పేరుతో పదేపదే తిప్పారా? చివరగా, వాయించినవారి పేరు ఉందా?

ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు మన చేతుల్లోనే ఉంది. పాట సేకరించిన ఊరు, పాడిన మనిషి, డప్పు పట్టిన మనిషి – ఈ మూడు పేర్లు ఫైలులో రాయడానికి రెండు నిమిషాలు చాలు. వాటిని ఊరేగింపులో చదివి వినిపించడానికి అర నిమిషం చాలు. దానికి పైసా ఖర్చు లేదు. మిక్సుకు డబ్బు తీసుకుంటున్నవారు అందులో కొంత వాయించినవారికి పంచడం ఆ తర్వాతి మెట్టు. మన సాంస్కృతిక సంస్థలు జానపద పాటలు సేకరించేటప్పుడు వాద్యకారుల పేర్లతో, వారి అంగీకారంతో, దరువును విడి ఫైళ్ళుగా దాచి, ఇంటింటా మిక్సు చేసుకునే కుర్రవాళ్ళకు అందించగలిగితే ఇంకా మేలు. అప్పుడు మూస బీటు కోసం వెతుక్కునే చెయ్యి మన దరువు వైపు జరుగుతుంది. ఆ దరువుతోపాటు దాని మనిషి పేరూ జనంలోకి వెళ్తుంది.