ఇంటి గదిలో పాటను పట్టే నేర్పు

ముక్తేశ్వరాలయం వెలసిన కృష్ణాతీర గ్రామం ముక్త్యాల వంటి చోట హార్మోనియం, మృదంగాలతో సాగే భజనను ఇంట్లోనే రికార్డు చేసేవారి పనితనం, మైకు నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచి, అంకెలుగా మార్చి, కంప్యూటరుకు అందించే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఎంపికలోనే తెలుస్తుంది. గాత్రానికి, వాద్యానికి వేర్వేరుగా రెండు మైకు ఇన్‌పుట్‌లు, కండెన్సర్ మైకుకు దాని కేబుల్ ద్వారానే అందే 48 వోల్టుల విద్యుత్తు, అనగా ఫాంటమ్ పవర్, ఉండి, ల్యాప్‌టాప్ యూఎస్‌బీతోనే నడిచే పెట్టెను ఎంచుకుంటే కరెంటు పోయినా పాట ఆగదు. మృదంగంపై గట్టి దెబ్బ పడినా ధ్వని చిట్లకుండా గెయిన్‌ను, అంటే సంకేతాన్ని పెంచే మోతాదును, ముందే తగ్గించి ఉంచి, 24 బిట్ల నమోదు ఇచ్చే వెసులుబాటుతో మెల్లని స్వరాన్ని సైతం నిలుపుకొనే ఈ వివేకం నిండు గౌరవానికి అర్హమైనది.