మెదడుకి ఏ పటం తియ్యాలి?

మా రోలుగుంటలో గట్టు తగాదా వస్తే సర్వేయరు ఎఫ్ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకం, తీస్తాడు. ఊరి పొలిమేర తేల్చాలంటే గ్రామపటం. నర్సీపట్నం రోడ్డు ఎటు పోతుందో చూసుకోడానికి ఎఫ్ఎంబీ ఎవరూ విప్పరు. మెదడుకి కంప్యూటర్ నమూనాలు కట్టేవాళ్లకి సగం పని ఈ ఎంపికే.

మెదడు ఎఫ్ఎంబీ 1952లో వచ్చింది. స్క్విడ్ అనే సముద్రజీవికి ఉండే లావుపాటి నరం మీద పనిచేసిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు సోడియం, పొటాషియం రాకపోకలతో నరంలో విద్యుత్తు ఎలా ఎగసిపడుతుందో నాలుగు సమీకరణాల్లో పెట్టారు. హక్స్‌లీ వాటిని చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద సాధించాడు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక నాకదే కాలక్షేపం. కరెంటు ఉంటే నా పాత ల్యాప్‌టాప్ రెప్పపాటులో చేసిపెడుతుంది. సోడియం అంకె తగ్గించుకుంటూ పోతే ఒకచోట నరం ఠక్కున మూగబోతుంది. ఆ చోటు వెతకడంలో ఎన్ని సాయంత్రాలు పోయినా విసుగు రాదు.

మనిషి మెదడులో నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. అన్నిటికీ నాలుగేసి సమీకరణాలు రాసుకుంటూ కూర్చోవాలా? అక్కర్లేదని 1972లో విల్సన్, కోవన్ చూపించారు. ఉసిగొల్పే కణాలు ఒక గుంపు, అణిచే కణాలు ఒక గుంపు, సమీకరణాలు రెండే. ఏ కణం ఎప్పుడు స్పందించిందో పోతుంది, గుంపు లయ మిగులుతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆచార్య సూరంపూడి బాపిరాజు బృందం ఇంకా పైనుంచి చూస్తుంది. మెదడు భాగాల మధ్య తీగల అల్లికను బట్టి ఏ భాగం దేనితో కలిసి పనిచేస్తుందో లెక్కగడుతుంది. వివరాలు ఎన్ని కుక్కితే నమూనా అంత గొప్పదనేవాళ్లతో నాకు పొసగదు.

అయితే ఏ ఒక్క పటానికీ అందని జబ్బులున్నాయి. పార్కిన్సన్స్ అలాంటిది. మద్రాసు ఐఐటీ ఆచార్యుడు వి. శ్రీనివాస చక్రవర్తి, తెలుగులో సైన్సు రాసే ఆయనే, తన శిష్యుడితో కలిసి 2020లో దీనికి అంచెలంచెల నమూనా కట్టాడు. ఆ నమూనాలో, డోపమీన్ అనే రసాయనం తయారుచేసే కణాలు కొన్ని చస్తాయి. డోపమీన్ తగ్గేసరికి సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న ముద్దకి పగ్గం వదులవుతుంది. అది రెచ్చిపోయి మిగిలిన డోపమీన్ కణాల మీద గ్లుటమేట్ అనే ఉసిగొల్పే రసాయనాన్ని గుమ్మరిస్తుంది. అసలే శక్తి చాలని ఆ కణాల్లో కాల్షియం పేరుకుని మరికొన్ని చస్తాయి. డోపమీన్ ఇంకా తగ్గుతుంది. ఈ చక్రం సగం కణం లోపల తిరుగుతుంది, సగం కణాల మధ్య. ఒక్క పటమే పట్టుకు కూర్చున్నవాడికి సగమే కనిపిస్తుంది.

ఈ నమూనా నా ల్యాప్‌టాప్ మోసే బరువు కాదు. ఈ లెక్క ప్రకారం ఆ ముద్ద జోరు తగ్గిస్తే కణాల చావు నెమ్మదించాలి. మెదడులో తీగ దించి అదే ముద్దకి కరెంటు ఇచ్చే చికిత్స ఇప్పటికే ఉంది, వణుకు తగ్గిస్తుంది. కణాల్ని కూడా కాపాడుతుందా అన్నది మనుషుల్లో ఇంకా తేలలేదు.