ఏనుగు దిగిన తర్వాత

కోడి రామమూర్తి గురించి తెలుగులో ఏది చదివినా దాదాపు ఒకే జాబితా: గుండెల మీద ఏనుగు, ఊపిరి బిగిస్తే తెగే గొలుసు, కదలని కారు, ‘కలియుగ భీముడు’, ‘ఇండియన్ హెర్క్యులస్’. నా పేచీ ఒక్కటే. వీటిల్లో బలం కనిపిస్తుంది, పని కనిపించదు.

వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కుస్తీ పట్టి, వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసిన ఆయన సొంతంగా సర్కస్ పెట్టారు. అంటే డేరా వెయ్యాలి, ఊళ్లు తిరగాలి, టికెట్లు తెగాలి, నిన్న మోసిన ఏనుగునే ఇవాళ కొత్తగా మొయ్యాలి. ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా, ఆటకింతని తీసుకుని, తన టీషర్టులు తనే అమ్ముకునే ఇవాళ్టి ఇండిపెండెంట్ రెజ్లర్ కుర్రాడికి ఆయన పెద్దన్న.

మా జి. కొండూరులో డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కార్డులతో ఆడుకున్న మా తరానికి ‘అదంతా ఉత్తుత్తి కొట్లాటరా’ అనే మాట అలవాటే. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలిలో జాన్ సీనా రింగులోకి దిగినప్పుడూ అదే మాట. గెలుపు ముందే రాసిపెట్టి ఉండొచ్చు, కానీ నేలకు తగిలే నడుం ఉత్తుత్తిది కాదు కదా! రామమూర్తి దగ్గర మనం దీన్ని తిరగేశాం. బలం నిజమని ఒప్పుకున్నాం, అది ప్రదర్శన అన్నది మర్చిపోయాం. ఏనుగు కాలు మోపేలోపు జనం ఊపిరి ఎంతసేపు బిగబట్టించాలో తెలియడం కండ కాదు, కళ.

చివరికి ఒక కాలు తీసెయ్యాల్సి వచ్చింది. 1942లో పోయారు. మన కథలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. భీముడికి ఒళ్లు నొప్పులుండవు మరి. మనిషికి ఉంటాయి. ఆయన జీవితకథ అక్కణ్ణుంచి రాయాలి.