మూడు కుంచాల పిండి

సండే స్కూలు టీచర్లకు ఒక అలవాటు ఉంటుంది. ఉపమానం చదవగానే నోటుబుక్కులో రెండు గళ్లు గీస్తాం. ఎడమ గడిలో కథలోని వస్తువు, కుడి గడిలో దాని అర్థం. విత్తనం అంటే వాక్యం. పొలం అంటే లోకం. నూనె అంటే పరిశుద్ధాత్మ. గళ్లు నిండితే పాఠం తయారైనట్టే. పిల్లలకూ, స్త్రీల సమాజంలోనూ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే చెప్పాను. ఆ గళ్లు చాలవని నాకు నేర్పింది పుల్లని పిండి ఉపమానం.

ఉపమానాలన్నిటిలో చాలా చిన్నదిది. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో ఒక్క వచనం. లూకా 13లోనూ కనిపిస్తుంది. ఒక స్త్రీ పుల్లని పిండి తీసుకుని మూడు కుంచాల పిండిలో దాచిపెట్టింది. అంతా పులిసి పొంగింది. పరలోకరాజ్యం అలాంటిది. కథ అంతే. అదే అధ్యాయంలో విత్తువాని ఉపమానానికీ, గురుగుల ఉపమానానికీ యేసే అర్థం విప్పి చెప్పాడు. దీనికి మాత్రం ఏమీ చెప్పలేదు. పిండిని మన చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

వయసులో ఉన్నప్పుడు ఒక శిక్షణ తరగతిలో విన్న వివరణను ఉన్నదున్నట్టు రాసుకున్నాను. పులిసిన పిండి బైబిల్లో ఎక్కడ కనిపించినా పాపానికి గుర్తు. కాబట్టి ఇక్కడ కూడా సంఘంలోకి రహస్యంగా చొరబడే దుర్బోధే అది. ఆ స్త్రీ దాన్ని తెచ్చిపెట్టిన మనిషి. ఈ వ్యాఖ్యానం ఆ బోధకుడి సొంతం కాదు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు దిగువ వివరణలు కూడా పులిసిన పిండిని చెడుకు గుర్తుగానే తీసుకుంటాయి. తర్కం గట్టిగా ఉన్నట్టే అనిపించింది. ఆ వారమే స్త్రీల సమాజంలో అదే పాఠం చెప్పాను.

వెనక చాప మీద కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్ముకునే మనిషి. చదువు రాదు, వాక్యం చెవితో విని గుర్తు పెట్టుకుంటుంది. "అమ్మగారూ, ఆయన పరలోకరాజ్యం అన్నాడు గదా, మీరేంటి పాపం అంటున్నారు?" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ మళ్లీ, "పిండి పులవకపోతే నేను పిల్లలకి ఏం పెట్టనమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి ఇంట్లో దోసెల పిండి రుబ్బి పెట్టాను. చలికాలం కదా, పిండి ఓ పట్టాన పులవదు. మా అమ్మ చేసినట్టే ఫ్రిజ్‌లో మిగిలిన పాత పిండి ఒక గరిటెడు వేసి, చేత్తో అడుగు నుంచి కలిపి, మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచాను. కలిపిన మరుక్షణం గిన్నెలోకి చూస్తే పాత పిండి ఎక్కడుందో తెలియలేదు. తెల్లవారి లేచేసరికి మూత పైకి లేచి ఉంది. పిండి అంచులు దాటి గిన్నె బయటికి జారింది. పైన చిన్న చిన్న బుడగలు, ముక్కుకు తగిలే పులుపు వాసన. రాత్రంతా నేను నిద్రలో ఉన్నాను. పని మాత్రం ఆగలేదు.

యేసు చెప్పింది కూడా ఇలాంటి పిండి గురించే. ఈస్టు పొట్లాలు లేని కాలం. ముందురోజు ముద్దలోంచి కొంచెం మిగిల్చి, అది పులిశాక కొత్త ముద్దలో కలిపేవారు. మన తెలుగు బైబిలు 'పుల్లని పిండి' అంటుంది. ఈ విషయంలో మన అనువాదం మేలు. ఈస్టు అంటే కొట్టులో కొని తెచ్చేది. పుల్లని పిండి నిన్నటి వంటలోంచి మిగిల్చింది, పాలకు వేసే తోడు లాంటిది. తోడు అనే మాట తెలిసిన మనకు ఈ కథ సగం అప్పుడే అర్థమవుతుంది. కలిసి ఉంటూ మార్చేదాన్నే మనం తోడు అంటాం.

మరి పులిసిన పిండి ఎక్కడైనా పాపమేనా? పస్కా వారంలో ఇశ్రాయేలీయులు ఇళ్లలోంచి దాన్ని తీసేయాలి, నిజమే. పరిసయ్యుల పులిసిన పిండి విషయంలో జాగ్రత్త అని యేసు అన్నాడు. పాత పులిపిండిని తీసిపారేయమని కొరింథీయులకు పౌలు రాశాడు. కానీ పస్కా వారం పోతే మిగతా ఏడాదంతా వాళ్లు తిన్నది పులిసిన రొట్టెలే. అంతకన్నా ముఖ్యం, లేవీయకాండం 23లో వారాల పండుగకు దేవుని ఎదుటికి తేవాల్సిన రెండు రొట్టెలూ పులిసిన పిండితోనే కాల్చాలి. అంటే వస్తువుకు ఒకే అర్థం మేకు కొట్టి బిగించి లేదు. పులుపు చేసే పని ఒకటే, కొంచెం మొత్తానికి పాకుతుంది. పాకేది ఏమిటన్నది కథను బట్టి తేలుతుంది. పరిసయ్యుల మాటలో అది వేషధారణ. ఈ స్త్రీ చేతిలో అది రాజ్యం.

ఇక 'దాచిపెట్టింది' అన్న మాట. గ్రీకు మూలంలో ఉన్న క్రియకు అర్థం కలపడం కాదు, దాచడమే. పొలంలో దాచిన ధనం గురించి ఇంకొన్ని వచనాల తర్వాత చెప్పేచోట కూడా అదే ధాతువు. కొన్ని ఆధునిక అనువాదాలు ఇక్కడ 'కలిపింది' అని సాఫీ చేశాయి. తెలుగు బైబిలు దాచడాన్ని దాచడంగానే ఉంచింది. రొట్టెలు చేసేవాళ్లెవరూ పిండిని 'దాచాను' అనరు. కథలో మాట మామూలు వాడుక దాటిన చోట ఆగాలి. కథకుడు కావాలని పెట్టిన మాట అది.

అలా ఆగాల్సిన రెండో చోటు కొలత. మూలంలో ఉన్నది 'సాతా'. ఒక్కొక్కటి పన్నెండు పదమూడు లీటర్లని చాలామంది పండితుల లెక్క. మూడు సాతాలంటే ఒక ఇంటి వంట కాదు, నూరు మందికి పైగా సరిపోయే రొట్టె. ఇంత పిండి ఒక్క మనిషి ఎందుకు పిసుకుతోంది? ఆదికాండం 18లో అబ్రాహాము ఇంటికి ముగ్గురు అతిథులు వచ్చారు. త్వరగా మూడు కొలతల పిండి పిసికి రొట్టెలు చేయమని శారాతో అన్నాడు. అదీ ఇదే కొలత. హెబ్రీలో సెయా, గ్రీకులో సాతా. మన బైబిల్లో మాత్రం శారా దగ్గర 'మూడు మానికలు' అయింది, ఇక్కడ 'మూడు కుంచాలు' అయింది. తెలుగులో చదివేవాళ్లకు ఆ చుట్టరికం కనిపించదు. మొదట విన్నవాళ్ల చెవిలో మాత్రం మూడు కొలతలు అనగానే శారా గుడారం మెదిలి ఉంటుంది. దేవుడు వాకిట్లోకి వచ్చిన రోజు వంట అది.

గుర్తులు వెతకడం తప్పని నేను అనడం లేదు. మంచి సమరయుని కథలో అగస్టీను గాయపడ్డవాణ్ణి ఆదాముగా, సమరయుణ్ణి క్రీస్తుగా, సత్రాన్ని సంఘంగా, సత్రం యజమానిని అపొస్తలుడైన పౌలుగా చదివాడు. శతాబ్దాలు ఆ చదువే నడిచింది. తర్వాత జర్మన్ పండితుడు అడాల్ఫ్ యూలిషెర్ 1888లో, 1899లో రెండు సంపుటాలు రాసి, ఉపమానానికి ఒకే అంశం ఉంటుందని, ప్రతి వస్తువుకూ అర్థం అంటించకూడదని గట్టిగా వాదించాడు. నాకు ఇద్దరి దగ్గరా నేర్చుకునేది కనిపిస్తుంది. అగస్టీనుకు కథ మీద ఉన్న ప్రేమ కావాలి. యూలిషెర్‌కు ఉన్న నిగ్రహమూ కావాలి. వాళ్ల పుస్తకాలకు ముందు మాత్రం, ఆ వస్తువును రోజూ చేత్తో పట్టుకునే మనిషిని అడగాలి.

ఇప్పుడు నా నోటుబుక్కులో రెండు గళ్లు లేవు. మూడు ప్రశ్నలు రాసుకుంటాను. ఈ వస్తువు ఇంట్లో, పొలంలో ఏం పని చేస్తుంది? కథ ఎక్కడ మామూలు దారి తప్పింది? విన్నవాళ్లకు ఏ పాత కథ గుర్తొచ్చి ఉంటుంది? ఈ మూడూ అయ్యాకే దేనికి ఏది గుర్తు అని అడుగుతాను. ఒక్కోసారి అప్పటికి ఆ ప్రశ్న అవసరమే ఉండదు.

ఆ తర్వాతి నెల స్త్రీల సమాజంలో అదే వచనం మళ్లీ చెప్పాను. ముందు చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. పిండి పులియడం గురించి చెప్పమని ఆ పెద్దావిడనే అడిగాను. ఆవిడ లేచి నిలబడి, ఎండాకాలం ఎన్ని గంటలు, చలికాలం ఎన్ని గంటలు, మూత మాటిమాటికీ తీసి చూడకూడదని చెప్పింది. "వేసినాక మన చేతిలో ఏం లేదమ్మా, అదే చూసుకుంటది" అంది. అంతకు మించి నేను కలపాల్సింది ఏమీ కనిపించలేదు.

ఈ ఆదివారం పాఠం పదిమంది కన్యకల ఉపమానం. నూనె అంటే ఏమిటో చెప్పడానికి జవాబు నోటి చివర సిద్ధంగానే ఉంది. దాన్ని ఆపుకుని నిన్న రాత్రి ప్రమిదలో నూనె పోసి, ఒత్తి వేసి వెలిగించాను. ఎంతసేపు వెలుగుతుందో చూద్దామని పక్కనే కూర్చున్నాను.