పంపిందంతా అమ్మకం కాదు

హైదరాబాద్‌లో బేగంపేటకు ఆటో ఎక్కి 'లైఫ్‌స్టైల్ దగ్గర ఆపు' అంటే చాలు, ఇంకో గుర్తు చెప్పక్కర్లేదు. బట్టల షోరూమే చిరునామా అయిన ఈ రోడ్డు మీద ఆషాఢం వస్తే డిస్కౌంట్ బోర్డులు వెలుస్తాయి. ముహూర్తాలు ఉండవు, శ్రావణం సరుకు దిగాలి, ర్యాకులు ఖాళీ కావాలి. స్టాకు లెక్కలే వృత్తిగా బతికే నాకు, వేసవిలో ఎవరెంత సరిగ్గా లెక్కగట్టారో ఆ బోర్డుల్లో కనబడుతుంది.

గోడౌన్ దాటిన సరుకు కంపెనీ పుస్తకంలో అమ్మకమే. ఇన్‌వాయిస్ పడింది, టార్గెట్ పూర్తయింది. కానీ కౌంటర్లో బిల్లు పడేదాకా అది చోటు మారిన స్టాకే. అందుకే మేం సెల్ త్రూ చూస్తాం: వచ్చిన సరుకులో, ఇన్ని వారాల్లో, నూటికి ఎంత పోయిందని. ఈ లెక్కకు బార్‌కోడ్ తోడైంది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయోలో ఒక సూపర్ మార్కెట్లో చూయింగ్ గమ్ ప్యాకెట్ బార్‌కోడ్ స్కాన్ చేశారు. ఆ పద్ధతి మనదాకా వచ్చాక ఏ సైజు ఎప్పుడు పోయిందో బిల్లే చెబుతోంది.

ఒక షాపుకి 120 చొక్కాలు పంపితే నాలుగు వారాల్లో 72 పోయాయనుకోండి, 60 శాతం. ఇంకో షాపుకి పంపిన 60లో 48 పోయాయి, 80 శాతం. రెండోదే మేలనిపిస్తుంది. కానీ అక్కడి ర్యాకు దగ్గరికెళ్లి చూస్తే మిగిలిన 12 చొక్కాలూ 38, 46 సైజులే. 40, 42 రెండో వారానికే అయిపోయాయి. తర్వాత వచ్చినవాళ్లకు 'మీ సైజు లేదు సార్' అన్నారు. ఆ మాట ఏ బిల్లులోనూ పడదు. ఆ సైజులు మొదటి షాపులో మడత విప్పకుండా ఉంటే, వెంటనే ఇటు పంపాలి. అలాగే వైశాఖంలో పూర్తి ధరకు పోయినవీ, ఆషాఢంలో సగం ధరకు పోయినవీ ఒకే శాతంలో కలపకూడదు. కలిపితే జనం మెచ్చింది బట్టనో, తగ్గింపునో తేలదు.

పోచంపల్లి చీరకు ఈ లెక్క మరీ ముఖ్యం. దాన్ని నేసే ఇక్కత్ పద్ధతిలో నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు. మగ్గం ఎక్కాక రంగు మార్చలేరు. ఏ రంగు కదిలిందన్న కబురు ఆలస్యమైతే నేతగాడి పెట్టుబడి, శ్రమ బీరువాలో ఇరుక్కుంటాయి.

అందుకే దుకాణదారులకు నా మనవి ఒకటే. బిల్లింగ్ కౌంటర్ పక్కన ఒక పుస్తకం పెట్టండి. వట్టి చేతులతో వెళ్లినవాళ్లు అడిగిన సైజు, రంగు రాయించండి. వారం వారం దాన్ని సెల్ త్రూ పక్కన పెట్టి చదివాకే తర్వాతి ఆర్డరు వేయండి.