సైకిల్‌కు బీమా ఉంటే హెల్మెట్‌కు ఉన్నట్టేనా?

హెల్మెట్, జెర్సీ, బిబ్ షార్ట్స్, క్లీట్ షూస్ ఇంట్లో అల్మరాలో ఉన్నంతసేపు బీమా లెక్కలో ఇంటి సామానే. 2021 ఏప్రిల్ 1న వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటి సామానుకు భవనం బీమా మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షల రూపాయలు మించకుండా, దానంతటదే రక్షణ దొరుకుతుంది. అదైనా అగ్నిప్రమాదం, తుఫాను, వరద వంటివాటికే. దొంగతనమైతే, అలాంటి విపత్తు జరిగిన ఏడు రోజుల్లోపు జరిగి ఉండాలి. రోడ్డు మీద పడి చిరిగిన జెర్సీకి అందులో చోటు లేదు.

హౌస్‌హోల్డర్స్ ప్యాకేజీ పాలసీల్లో పెడల్ సైకిల్‌కు విడిగా సెక్షన్ ఉంటుంది. అసలు మెలిక అక్కడే. సైకిల్‌తో పాటు పోతే తప్ప, యాక్సెసరీల దొంగతనానికి సాధారణంగా పరిహారం రాదు. మోటార్ సైకిల్ పాలసీలోనూ ఇదే నిబంధన. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తాళం వేసి ఉన్న సైకిల్ జోలికి పోకుండా లైట్లు, సైకిల్ కంప్యూటర్ ఊడదీసుకుపోవడం ఎంతో తేలిక. జరిగే అవకాశం ఎక్కువున్న నష్టాన్నే ఈ నిబంధన పక్కన పెడుతోంది. ఇక దుస్తులు సైకిల్‌కు బిగించినవి కావు కనుక యాక్సెసరీల కిందకు కూడా రావు. వాటి పేరు, విలువ పాలసీలో రాయించుకుంటేనే అడిగే హక్కు.

హెల్మెట్ సంగతి వేరు. లోపలి థర్మోకోల్ వంటి నురుగు నలిగిపోతూ దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. ఒకసారి నలిగితే మళ్లీ పూర్వస్థితికి రాదు. పైపెంకుకు గీత కూడా పడకపోవచ్చు, అయినా గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ ఇక పనికిరాదు. పగుళ్లు కనిపించలేదని దాని ఖరీదు తిరస్కరించడం న్యాయం కాదు. ప్రమాదం తర్వాత హెల్మెట్ మార్చుకునే ఖర్చు భరిస్తామని స్పష్టంగా రాసిన పాలసీకి ప్రీమియం కాస్త ఎక్కువైనా కట్టవచ్చు. మామూలు అరుగుదలకు మాత్రం ఏ పాలసీలోనూ డబ్బు రాదు.

మోటారు వాహనం ఢీకొన్నప్పుడు సొంత పాలసీ లేకపోయినా దారి ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 165వ సెక్షన్ ప్రకారం ప్రమాద పరిహార ట్రిబ్యునల్ గాయాలతో పాటు ఆస్తి నష్టాన్నీ విచారిస్తుంది. పగిలిన హెల్మెట్, చిరిగిన బూట్లు ఆ నష్టంలో భాగమే. ఆసుపత్రిలో కత్తిరించి తీసిన బట్టలను కూడా పారేయకుండా ఫొటోలు, కొన్నప్పటి బిల్లులతో కలిపి దాచాలి.